ఉప్పు బస్తా, కొండెంగ చందా: నాందేడ్‌లో ఒక రోజు

మా నిజామాబాద్ బజార్లో నేను ఎదురుపడితే దుకాణదార్లు ముందు గల్లాపెట్టె మూత వేసి, తర్వాత నమస్కారం పెడతారు. నా పేరు మల్లయ్య. ఊళ్లో అందరికీ చందాల మల్లయ్యను. బడికి పెంకులు కావాలన్నా, బావికి గిలక కావాలన్నా, భజన మందిరంలో దీపాలకు నూనె తక్కువైనా నా భుజం మీది కండువా నడిబజార్లో పరుచుకుంటుంది. అందులో నాకు సిగ్గేమీ లేదు, కాస్త గర్వమే ఉంది. పత్తి బండ్లు తిరిగే కాలంలో ఒక సాయంత్రం, నాందేడ్ నుంచి వచ్చిన మిరపకాయల వ్యాపారి ఒకతను మా అక్క నర్సవ్వ పంపిన కబురు చెప్పాడు. "మీ బావ బండి కింద కొండెంగ పడ్డదట. చందాలు ఎత్తేటోడివి గద, ఒక్కసారి అచ్చి పొమ్మన్నది." నాకు ముందు నవ్వొచ్చింది. కోతికి చందా ఎత్తమని నన్నింతవరకూ ఎవరూ అడగలేదు. సంగతంతా విన్నాక నవ్వు పోయింది, మర్నాటి బండికే బయలుదేరాను.

కొండెంగ అంటే కొండముచ్చు, నల్ల ముఖం, పొడుగు తోక. నాందేడ్‌లో ఇత్వారా వైపు మిద్దెల మీద, వేపచెట్ల మీద అవి గుంపులుగా తిరుగుతాయి. మా బావ పోశెట్టి జిన్నింగు కార్ఖానా నుంచి రైలు గోదాముకు పత్తి బేళ్లు తోలే బండివాడు. దారిలో ఒక తల్లి కొండెంగ, పొట్టకు పిల్లను హత్తుకొని, చెట్టు మీది నుంచి బండిలోని బేళ్ల మీదికి దూకి, పట్టు తప్పి చక్రం కింద పడింది. పిల్లకు ఏమీ కాలేదు. తల్లికి వెనక కాలు తొడ దగ్గర విరిగింది. బావ దాన్ని తన గొంగడిలో చుట్టి ఎత్తుకుంటే అది ఆయన చెయ్యి కొరికింది. అయినా వదలకుండా ఇంటికి తెచ్చాడు. తెచ్చి ఊరుకున్నాడా అంటే లేదు, ఒట్టు పెట్టుకున్నాడు. అది మళ్లీ చెట్టెక్కేదాకా ఎడ్ల మెడ మీద కాడి పెట్టడట. చచ్చిపోతే ఎడ్లను అమ్మేసి, ఇక ఈ జన్మలో బండి ముట్టడట. మారుతిని చంపిన చేతులతో పగ్గాలు ఎట్లా పట్టుకునేదంటాడు. బండివాడికి ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్లజూసేది ఈ పత్తి నెలల్లోనే. ఎడ్లేమో కొట్టంలో నిలబడి తింటున్నాయి. అక్క నన్నెందుకు తొందర పెట్టిందో వేరే చెప్పాల్సిన పని లేదు.

వెళ్లదలచినవారికి దారి చెబుతాను. నిజామాబాద్‌లో తెల్లవారుజామున మన్మాడ్ వైపు పోయే బండి పట్టుకుంటే ఎండ ముదరకముందే నాందేడ్‌లో దిగవచ్చు. మూడో తరగతి టికెట్టు రూపాయి పైన కొన్ని అణాలు, మన నిజాం హాలీ సిక్కాయే చెల్లుతుంది, ఇంగ్లీషు సర్కారు కల్దారు రూపాయలు మార్చుకొని పోనక్కరలేదు. చలికాలమైతే కుడివైపు కిటికీ చూసుకోండి, పొద్దుటి ఎండ తగులుతుంది. బాసర దగ్గర బండి గోదావరి వంతెన ఎక్కగానే పెట్టెలోని జనమంతా నీళ్లలో పైసలు వేయడానికి కిటికీల దగ్గరికి తోసుకొస్తారు. చందాలు అడిగేవాడిగా చెబుతున్నాను, మనుషుల చేతులు అంత సులువుగా జేబుల్లోకి పోవడం నేను మరెక్కడా చూడలేదు. ధర్మాబాద్‌లో మిరపకాయల ఘాటుకు పెట్టె పెట్టంతా తుమ్మింది. అక్కడి నుంచి అమ్మేవాళ్ల కేకలు మరాఠీలోకి మారతాయి. ముద్ఖేడ్‌లో బండి కాసేపు ఆగుతుంది. వేడి వేడి భజ్జీలు అణాకు దొన్నె నిండా ఇస్తారు, తప్పకుండా తినండి. లోపలి పచ్చిమిరపకాయను మాత్రం ముందే ఏరి పక్కన పెట్టండి, నాలాగా కన్నీళ్లతో నాందేడ్‌లో దిగవద్దు.

స్టేషన్ బయట టాంగాల వాళ్లు మీద పడతారు. ఇత్వారాకు నాలుగణాలు అడుగుతారు, మూడుకు వస్తారు. నేను బేరానికి నోరు తెరిచేలోపే టాంగావాలా "కిస్కే ఘర్?" అని అడిగాడు. ఎవరింటికని. బండి పోశెట్టి ఇంటికన్నాను. అతను కొరడా దించి, "వో బందర్‌వాలే పోశెట్టి?" అని, "రెండణాలియ్యి, కూసో" అన్నాడు. ఊరంతా మా బావకు కోతి పోశెట్టి అని పేరు పెట్టేసిందన్నమాట. సగం దూరం పోయాక అతనే మళ్లీ తిరిగి, "ఎట్లున్నదంట? నిన్న మాపటి నుంచి ఏం తింటలేదని అంటున్నరు" అన్నాడు. "నేనిప్పుడే బండి దిగిన. నాకేం ఎరుక?" అన్నాను కాస్త విసుగ్గానే. అతను ఆకాశం వైపు ఒకసారి చూసి, గుర్రాన్ని అదిలించాడు. దిగాక ఆ రెండణాలు కూడా ఒక పట్టాన తీసుకోలేదు. నాందేడ్ టాంగావాలాలు ఇంత మంచివాళ్లేమిటని ఆశ్చర్యపోయాను.

ఇంట్లో అక్క నన్ను చూడగానే కాళ్లకు నీళ్లిచ్చి, ఆ చెంబు కింద పెట్టకుండానే మొదలుపెట్టింది. "చూసినవా తమ్మీ మీ బావ యవ్వారం? ఒట్టు ఆయన పెట్టుకున్నడు, ఎడ్లకు చొప్ప నేను కొంటున్న. గా కొండెంగకు పాలు పోస్తున్నం, మాకు చాయ్ లేదు." అంటూనే వంటింట్లోకి పోయి వేయించిన పల్లీలు గిన్నెలో పోసుకొని వచ్చింది. అవి నాకనుకొని చెయ్యి చాచాను. "నీకు గాదు" అని పక్కనున్న కొట్టంలోకి పోయింది. కొట్టంలో ఒక మూలకు పాత తడకలు కట్టారు. వాటి వెనక ఆ తల్లి గోడకు ఆనుకొని కూర్చుంది, కాలికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. పిల్ల పొట్టలో ముఖం దాచుకుంది. బావ తడకకు ఇవతల, వీపు దానివైపు పెట్టి కూర్చున్నాడు. ఎందుకట్లా అంటే, మొఖం చూపిస్తే అది పళ్లు చూపిస్తుందట. "నా జెయ్యి గరిచింది, మంచిగనే చేసింది బామ్మర్దీ. నేనైతే ఇంకా గట్టిగ గరుస్తుంటి" అన్నాడు. మనిషి గడ్డం పెరిగి సగమయ్యాడు. నాకు ఆయనను చూస్తే నిజంగా బాధేసింది.

కాసేపటికి సర్కారీ పశువుల దవాఖానా సలోత్రి వచ్చాడు. అంటే పశువుల డాక్టరు. హైదరాబాదు మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు. దవాఖానాలో గుర్రాలకు, ఎడ్లకు జాగా ఉంది గాని కోతులకు లేదట, అందుకే తన వేళలో ఇంటికొచ్చి చూస్తున్నాడు. "ఎముక అతుకుతది, భయం లేదు. కానీ గీ తడకలు ఆగయి. రాత్రి కుక్కలు జొరబడితే అంతే సంగతి. ఇటుక గోడ ఒకటి, పైకి ఇనుప జాలి ఒకటి గావాలె. పాలు, పల్లీలు, శనగలు, పండ్లు నెల మీద పది దినాలకు" అన్నాడు. తర్వాత వేలు చూపించి అక్కకు ఇంకో మాట చెప్పాడు. "చేతుల పెట్టి తినిపియ్యకు. ముద్దు చేయకు. మనుషులకు అలవాటైతే దాని గుంపు దాన్ని మళ్ల రానియ్యదు. జాలి గా వేపచెట్టు దిక్కు పెట్టుండ్రి, రోజూ తనోళ్లను చూసుకుంటది." నేను కొట్టం బయటికి వచ్చి చూస్తే నిజంగానే వేపచెట్టు మీద గుంపు గుంపంతా కూర్చొని ఉంది. వాటిలో పెద్ద మగది ఒకటి మా మిద్దె అంచు మీదికి వచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

ఇటుకలు, జాలి, పాలు, పల్లీలు. ఇది బడి పైకప్పు కంటే చిన్న చందాయే. మా ఊళ్లో నా పద్ధతి ఒకటుంది. ఒక్కడినే వాకిట్లో నిలబడితే కుక్క కూడా పలకరించదు. భజన వాళ్లను వెంటబెట్టుకొని, పాట ముందు నడిపించి, వెనక కండువా పట్టుకొని పోతే ఇల్లాళ్లు చేటలతో ఎదురొస్తారు. అందుకని ఇత్వారాలోని మన తెలుగువాళ్ల భజన నడిపించే గంగారాం దగ్గరికి పోయాను. ఆయనే అక్కడి కులపెద్ద కూడా. ఆయన అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. "నేను పోశెట్టి బామ్మర్దిని, నిజామాబాద్ నుంచి అచ్చిన. మారుతి పేరు మీద చందా ఎత్తాలె, మీ భజన గావాలె" అన్నాను. ఆయన బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. "నువ్వు రైలెక్కి అచ్చినవంటే ఇగ మేం కూసోని ఉంటమా" అని, ఉతికిన ధోవతి కట్టుకొని, గోడ మీది మారుతి పటం దించాడు. ఇంకొక్క ప్రశ్న అడగలేదు. మా ఊళ్లో అయితే ఈపాటికి సగం మంది నడుము నొప్పని చెప్పేవాళ్లు. నాందేడ్ మీద నా గౌరవం మరింత పెరిగింది.

ఊరేగింపు బయలుదేరేముందు భజన వాళ్లు నన్ను వీధి చివరి పూటకూళ్ల ఖానావళికి తీసుకుపోయారు. నడిపే ఆమెను అందరూ మౌశీ అంటారు, అంటే మరాఠీలో చిన్నమ్మ. జొన్న భాకరి రొట్టె, పప్పు, ఉల్లిగడ్డ, మూడణాలకు కడుపు నిండా పెడుతుంది, చెయ్యి పెద్దది, మీరూ వెళ్లవచ్చు. గంగారాం ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నా ఆకులో పోపు లేని చప్పటి పప్పు వడ్డించింది. పక్కవాడి గిన్నెలో వెల్లుల్లి పోపు చుయ్యిమంటోంది. "ఏం మౌశీ, నాకు పోపు లేదా?" అంటే, జాలిగా చూసి, "ఆజ్ నకో, భావూ" అంది. ఇవాళ వద్దన్నమాట. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. డబ్బులు తీసుకోని వంటమనిషితో పోపు గురించి జగడమాడలేను గదా, చప్పటిదే తిన్నాను.

ఎండ కాస్త వాలాక బయలుదేరాం. ముందు పటం, వెనక తాళాలు, మృదంగం, ఆ వెనక నేను కండువాతో. సామాన్లకు ఒక తోపుడు బండి. అక్క వాళ్ల వీధిలో పూలమ్మే ఎల్లవ్వ అనే ముసలామె మొదటి నుంచీ మా వెంట పడి ఏడుస్తూ నడిచింది. నాకు మరాఠీ అంతంత మాత్రమే, అందుకని మాట పని గంగారాంకు వదిలేశాను. ఆయనకు మాట అవసరమే రాలేదు. పటం కనబడగానే దుకాణదార్లు చెప్పులు విడిచి దిగుతున్నారు. గోధుమలు, బెల్లం, నూనె, కర్పూరం, పైసలు, అడక్కముందే పడుతున్నాయి. ఒక బట్టల దుకాణం ఆయన కొత్త కాషాయం గుడ్డ తాను తీసి నా భుజం మీద కప్పాడు. పది మందిని అడిగితే ఒక్కడు గల్లా తెరిచే చోటు నుంచి వచ్చినవాణ్ని, నాకు కళ్లు తిరిగాయి.

తర్వాత కిరాణా సేట్ ఒకాయన తన హమాలీతో ఒక పూర్తి బస్తా ఉప్పు మోయించుకొచ్చి తోపుడు బండిలో వేయించాడు. నేను ఉండబట్టలేక, "గింత ఉప్పు ఎందుకు గంగారాం మామా? కొండెంగ ఉప్పు తింటదా?" అన్నాను. గంగారాం తాళం ఆపకుండానే నావైపు కోపంగా చూశాడు. "పరాచకాలకు ఇది యాళ గాదు మల్లయ్యా." మేస్త్రి సాయన్న అని మనవాడే, గోడలు కట్టేవాడు, తనంతట తానే దగ్గరికొచ్చాడు. "ఇటుకలు నావి, పని నాది. పైసా వద్దు. జాగ ఎక్కడ అనుకున్నరు?" అని అడిగాడు. బావ ఇంటి కొట్టం పక్కనే అన్నాను. "నది ఒడ్డున కడితే నలుగురు మొక్కుతరు గద" అన్నాడు. నది ఒడ్డున కొండెంగకు కొట్టం ఎందుకో నాకు అంతుబట్టలేదు. "అక్కడ కుక్కలు తిరుగుతయి" అన్నాను. "అది నిజమే" అని తల ఊపి తనూ ఊరేగింపులో కలిశాడు. చదువుతున్న మీకు ఈపాటికి సంగతి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. చందా బాగా పడుతుంటే నా బుర్ర పని చేయదు, అది ఎప్పుడూ ఉన్నదే.

పొద్దు వాలేవేళకు తోపుడు బండి నిండి, వెనక వీధి వీధంతా నడుస్తుండగా ఇంటికి చేరాం. సందు మొదట్లోనే గంగారాం పాట నెమ్మది చేయించి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. మగవాళ్లందరూ అట్లాగే చేశారు. బావ ఎడ్లకు నీళ్లు తేవడానికి పోయి నిండు బిందెతో వస్తున్నాడు. వాకిట్లో జనం, నా భుజం మీద కాషాయం గుడ్డ, కర్పూరం పళ్లెం, బండిలో ఉప్పు బస్తా చూశాడు. బిందె చేతిలోంచి జారింది. ఆయన అట్లాగే నేల మీద కూలబడి, "నేను నీళ్లకు పోయిన. గంతల్నే పోయిందా బామ్మర్దీ? ఒక్కతే ఉన్నప్పుడు పోయిందా?" అని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఎవరు పోయారని నేను అడగబోతున్నాను. అంతలో కొట్టంలోంచి ఖర్రుమని గొంతు వినిపించింది. అంత మందిని చూసి తల్లి కొండెంగ పళ్లన్నీ బయటపెట్టింది, పిల్ల తడక పైదాకా ఎగబాకి కీచుమంది. చప్పుడు చేయకుండా నిలబడ్డ జనం అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు.

"గిదేంది మల్లయ్యా, బతికే ఉన్నదా?" అన్నాడు గంగారాం. "బతికే ఉన్నది. బతికియ్యనీకే గద చందా" అన్నాను. "బతికున్నదానికి భజన ఎవలన్న పెడ్తరా?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. మా దగ్గర కూడా వానరం చనిపోతే మనిషికి చేసినట్టే చేస్తాం. కానీ మా ఊళ్లో పాడె ముందు నడుస్తుంది, చందా దాని వెనక వస్తుంది. నాందేడ్‌లో వానరాన్ని ఇంటి దగ్గరే కూర్చోబెట్టి, మారుతి పటంతో భజన ముందుగా ఊరు తిరుగుతుంది. మారుతి చచ్చిపోయాడని నోటితో అనడం తప్పు గనుక ఎవరూ అనరు, ఎవరూ అడగరు. పటం చూసి చెప్పులు విడిచి ఇస్తారు. ఉప్పు గోతిలో నింపడానికి. కాషాయం గుడ్డ చుట్టడానికి. ఇటుకలు సమాధికి. గోధుమలు, బెల్లం పదకొండో రోజు అన్నదానానికి. చప్పటి పప్పు కూడా అందుకే, చావింటి వాళ్లకు పోపు పెట్టరు గదా. రైలెక్కి వచ్చిన బామ్మర్దిని చూసి గంగారాం కీడే అనుకున్నాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

జనంలో గొణుగుడు మొదలైంది. మోసం అన్నాడొకడు. ఇంకొకడు తన బెల్లం వైపు నడిచి మధ్యలోనే ఆగిపోయాడు, చావు పేరున గడప దాటిన వస్తువు తిరిగి ఇంట్లోకి రాకూడదు. పోనీ కొండెంగకు పెడదామంటే, "చావుకిచ్చినయి బతికున్నదానికి పెడితే అది బతుకుతదా?" అన్నాడు గంగారాం. తిట్టు తినడం నాకు కొత్త కాదు, దుకాణదార్లు రోజూ తిడతారు. కానీ బావ నేల మీది నుంచి లేవలేదు. "ఊరంత దాన్ని సాగనంపింది. ఇగ ఎట్ల బతుకుతది" అని అదే మాట అంటున్నాడు. రెండు వందల గజాల పొడుగు భజన తెచ్చి నేను ఆ మనిషికి చేసిన మేలు ఇదీ అనిపించి, నా మీద నాకే ఒళ్లు మండింది.

అప్పుడు పూల ఎల్లవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "కాకి తంతే ఏం చేస్తం గంగారాం?" అంది. అందరూ ఆమెవైపు చూశారు. మనలో ఎవరి తల మీదైనా కాకి తన్నితే గండమని, ఆ మనిషి చనిపోయాడని చుట్టాలకు అబద్ధం కబురు పంపిస్తాం. వాళ్లు ఏడ్చాక, లేదు బతికే ఉన్నాడని చెప్తాం. ఆ ఏడుపుతో గండం పోయి ఆయుష్షు పెరుగుతుందంటాం. అక్కడి మరాఠీ వాళ్లలోనూ ఆ ఆనవాయితీ ఉంది. "చుట్టాలు నలుగురు ఏడిస్తేనే గండం పోతది. దీనికి ఇత్వారా ఇత్వారంత ఏడ్సింది. నేనైతే భజన మొదలైనప్పటి నుంచి ఏడుస్తున్న, నా కండ్లు చూడు. నా ఏడుపు ఉత్తగ పోతదా? నా పూలు నేను వాపసు తీస్కోను" అంది. తెచ్చిన దండను తీసుకుపోయి కొట్టం గుంజకు కట్టింది. గంగారాం ఆ దండ దగ్గరికి పోయి చూశాడు. తర్వాత తలగుడ్డ చుట్టుకొని, "సావు కబురు అబద్ధమైంది. ఇగ ఇవి సావు సామాన్లు గావు" అని అందరికీ వినబడేలా మరాఠీలో కూడా చెప్పాడు. భజన మళ్లీ మొదలైంది, ఈసారి గట్టిగా. కొండెంగకు అది ఏమాత్రం నచ్చలేదు, సలోత్రి వచ్చి అందరినీ బయటికి తరిమాడు.

మర్నాడు నేను తిరుగు బండి ఎక్కేలోగా సాయన్న గోడ సగం లేపాడు. కాషాయం గుడ్డను సలోత్రి చీల్చి కాలికి పట్టీలుగా వాడుకున్నాడు. గోధుమలిచ్చి అక్క పాలు, పండ్లు మాట్లాడుకుంది. చందా పైసలతో జాలి వచ్చింది. ఉప్పు ఒక్కటే మిగిలింది. సేట్‌కు కబురు పెడితే, మారుతి పేరున పోయింది వాపసు రాదన్నాడు. ఇంట్లో పెడదామంటే అక్క గడపకు అడ్డం నిలబడింది. "ఎల్లవ్వ ఏమన్న చెప్పనీ, గోతికిచ్చిన ఉప్పు నా ఇంట్లకు రావద్దు." బస్తా బయటి గోడకు ఆనించి, మంచు పడకుండా పాత రేకు కప్పారు. బావ కొట్టంలో కూర్చుంటే ఎదురుగా అదే కనబడుతుంది.

కాలు అతికిందని కబురు వచ్చాక మళ్లీ వెళ్లాను, అదే బండి, అదే భజ్జీలు. సలోత్రి జాలి విప్పించి, మమ్మల్ని దూరంగా నిలబెట్టాడు. ముందు పిల్ల బయటికొచ్చి, వేపచెట్టు మొదట్లో ఆగి వెనక్కి చూసింది. తల్లి కుంటుకుంటూ వచ్చింది. మొదటి కొమ్మ అందుకోబోయి జారింది. బావ లేచి నిలబడ్డాడు, సలోత్రి ఆయన చొక్కా పట్టుకొని ఆపాడు. రెండోసారి చేతులతోనే ఒళ్లంతా లాక్కొని ఎక్కింది. మిద్దె మీది నుంచి పెద్ద మగది దిగివచ్చి, దాన్ని వాసన చూసి, వీపు తిప్పి కూర్చుంది. తల్లి ఆ వీపులో పేలు చూడడం మొదలుపెట్టింది. గుంపులో కలిసింది, ఇక మన పని అయిపోయిందన్నాడు సలోత్రి. అది మావైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బావ ఎడ్ల దగ్గరికి పోతాడనుకున్నాను. ఆయన గోడ దగ్గరికి పోయి, రేకు తీసి, కొడవలితో ఉప్పు బస్తా కుట్టు తెంపాడు. రెండు పిడికిళ్లు తీసుకుపోయి ఎడ్లకు నాకించాడు. తర్వాత కాడి ఎత్తి వాటి మెడ మీద పెట్టాడు. అక్క గడపలో నిలబడి అంతా చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకొని, లోపలికి పోయి, ఖాళీ ఉప్పు జాడీతో బయటికొచ్చింది. "తమ్మీ, గా బస్తాల నుంచి జర ఇంట్లకు గూడ పొయ్యి" అంది. ఆ మధ్యాహ్నం మౌశీ ఖానావళిలో నా ఆకులో పోపు రెండు గరిటెలు పడింది, మూడణాలూ ముక్కుపిండి తీసుకుంది.

చందాల మల్లయ్యగా నేను నేర్చుకున్నది ఒకటుంది. చనిపోయినవాళ్లకు ఇవ్వడానికి మనవాళ్లు వెనకాడరు, బతికున్న ప్రాణానికి కావలసింది కూడా సరిగ్గా అంతే, అదే బెల్లం, అవే ఇటుకలు. అడిగేవాడు ఆ సంగతి చెప్పాలి, నేను చెప్పలేదు, అంతే తేడా. ఇకనుంచి మా ఊళ్లోనూ దెబ్బతిన్న నెమలికో దుప్పికో కండువా పరచడానికి వెనకాడను. నాందేడ్‌లో ఇట్లాంటి పని మీద వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. భజన కావాలంటే గంగారాంనే అడగండి, కాదనడు. కానీ తాళం మోగకముందే, మొదటి గడప దగ్గరే, "పాణంతోనే ఉన్నది" అని గట్టిగా చెప్పండి.